కుట్టకముందే ఇచ్చిన చుక్కలు

పెద్ద వరద తర్వాత చిన్న వరద వచ్చిన యేడు అది. పెద్ద వరద దొంగలాంటిది. వచ్చింది, దొరికింది పట్టుకుపోయింది. చిన్న వరద చుట్టంలాంటిది. ఏమీ పట్టుకుపోలేదు. మెల్లగా మెట్లెక్కి లోపలికొచ్చి, మోకాలెత్తున అన్ని గదుల్లోనూ సర్దుకుని కూర్చుంది. పొమ్మంటే పోలేదు. పోయాక చూస్తే అది ముట్టుకోని వస్తువు లేదు.

ముందు గది నా షాపు. కుట్టుమిషన్లు బాగుచేస్తాను. కాలితో తొక్కేవి, మోటారుతో తిరిగేవి, ఏవైనా సరే. వాటికి నీళ్ళంటే పెద్ద జబ్బు కాదు. విప్పి, తుడిచి, ఆరబెట్టి, నూనె పోస్తే మళ్ళీ నడుస్తాయి. వెనక గది మా అమ్మాయిది. అందులో ఉన్నది ఎంబ్రాయిడరీ మిషన్. ఫ్రేములో గుడ్డ బిగించి మీట నొక్కితే పువ్వంటే పువ్వు, అక్షరమంటే అక్షరం అదే కుట్టుకుంటూ పోతుంది. దాని పక్కన గోడకి ఒక రేకు పెట్టె ఉంటుంది. సూది ఎప్పుడు దిగాలో, గుడ్డ ఎటు జరగాలో చెప్పేది ఆ పెట్టే. మేం దాన్ని బుర్ర అంటాం. బుర్ర ఎవరికైనా పైన ఉంటుంది. దీనికి కింద ఉంది. అక్కడ బిగించింది మా అల్లుడు. పైదాకా వైరు సరిపోలేదట.

బుర్రని విప్పి ఫ్యాను కింద పెట్టాం, ఎండలో పెట్టాం. మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి ఊదింది. తిరిగి బిగించి స్విచ్చి వేస్తే దీపం వెలిగింది, మోటార్లు మూలిగాయి. తెర మీద మాత్రం ఒక్క అడ్డగీత తప్ప ఏమీ రాలేదు.

"ఒళ్ళు బాగానే ఉంది మామయ్యా. తలరాతే చెరిగిపోయింది," అన్నాడు అల్లుడు.

బుర్రలో ఉండే ప్రోగ్రాం పోయిందని అతని మాటకి అర్థం. దాన్ని మళ్ళీ ఎక్కించాలి. ఆ మిషన్ చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. అలాంటి మిషన్ ఉన్నవాళ్ళెవరైనా తమ దగ్గరున్న ప్రోగ్రాం నకలు ఇవ్వాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకసారి తప్పు ప్రోగ్రాం ఎక్కిస్తే బుర్ర బిగుసుకుపోతుంది. ఆ తర్వాత మంచిదిచ్చినా తీసుకోదు. మా ఆవిడ వెంటనే మా వియ్యపురాలిని తలుచుకుంది.

అటక మీద నర్సుల కోట్లు దొంతరలుగా ఉన్నాయి. నీళ్ళు అంత ఎత్తుకి రాలేదు. ప్రతి కోటు జేబు మీదా ఆసుపత్రి గుర్తు కుట్టి ఆదివారానికి ఇస్తానని అమ్మాయి మాటిచ్చింది.

"ఆదివారానికి ఇవ్వకపోతే?" అని అల్లుడు అడిగాడు.

"కోట్లు ఫ్యాక్టరీకి పోతాయి. వాటి వెనకాలే నేనూ పోతాను."

పెళ్ళికి ముందు అమ్మాయి ఆ కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసింది. మంచినీళ్ళకి లేవాలన్నా చెయ్యెత్తి కూర్చోవాలి. కాపలా మనిషి చూసినప్పుడే లేవాలి. ఆమెకి ఇచ్చిన పని కాలర్లు. అన్నేళ్ళూ కాలర్లే. "చొక్కా మొత్తం ఎలా ఉంటుందో మర్చిపోయాను నాన్నా," అనేది. ఎంబ్రాయిడరీ మిషన్ ఇంటికి వచ్చిన రోజు ఆమె చేసిన మొదటి పని, గ్లాసెడు మంచినీళ్ళు తెచ్చుకుని దాని ముందు కూర్చుని తాగడం.

కాబట్టి ప్రోగ్రాం కావాలి. అది దొరికితే పంపకంలో దొరకాలి.

పంపకం అంటే అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునేది కాదు. కంప్యూటర్ల మధ్య నడిచేది. దానికి షాపు లేదు, యజమాని లేడు. నా దగ్గరున్న ఫోటోలు, పుస్తకాలు, ప్రోగ్రాములు నువ్వు తీసుకో, నీ దగ్గరున్నవి నేను తీసుకుంటాను. పెద్ద వస్తువైతే ముక్కలుగా వస్తుంది. ఒక ముక్క ఒకరింటి నుంచి, ఇంకో ముక్క ఇంకొకరింటి నుంచి. ఎవరిది ఏ ఊరో తెలియదు. ఆడో మగో తెలియదు. పేరు కూడా ఎవరికి వారు పెట్టుకున్నదే. తీసుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగని వాణ్ణి అక్కడ జలగ అంటారు.

మా అల్లుడి పేరు అక్కడ మెరుపు. పొద్దున లేపితే మధ్యాహ్నానికి కళ్ళు తెరిచే మనిషి. నన్ను కూడా అతనే చేర్పించి, సుత్తి అని పేరు పెట్టాడు.

"ఏం పేరయ్యా అది?"

"మీరు సుత్తి కొట్టరు కదా మామయ్యా. పేరులోనన్నా ఉండనీండి."

మా ఆవిడ ఆ పూటంతా నవ్వింది. ఇంట్లో నోరు విప్పని మనిషికి ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కబుర్లేమిటని అడిగింది. కబుర్లు కావు. బాగుచేసేటప్పుడు ఫోటోలు తీసి పెట్టేవాణ్ణి. పాడైన మిషన్ చప్పుడు పట్టి పెట్టేవాణ్ణి. కింద ఒక్క ముక్క రాసేవాణ్ణి. "ఈ చప్పుడుకి కింది మర చూడు." అంతే. జనం తీసుకునేవాళ్ళు. తీసుకుని చుక్కలు ఇచ్చేవాళ్ళు.

చుక్కలంటే మార్కులు. అయిదుకి ఎన్ని అని. బడికి వెళ్ళిన మూడేళ్ళలో నాకు ఏ మాస్టరూ అయిదుకి అయిదు ఇవ్వలేదు. ఇక్కడ వందలమంది ఇచ్చారు. నా పేరు పక్కన అయిదుకి కాస్త తక్కువగా ఒక అంకె ఉండేది. టీ తాగుతూ దాన్ని చూసుకునేవాణ్ణి. "మళ్ళీ అద్దం చూసుకుంటున్నారు మీ నాన్న," అనేది మా ఆవిడ.

ఆ కాస్త తక్కువకి కారణం ఒకే ఒక్కడు. నత్త అని పేరు. నేను పెట్టిన ఫోటోలు తీసుకుని మూడు చుక్కలు ఇచ్చాడు. కింద రాశాడు: "మంచి పని. కానీ రెండో మర ఎక్కడుందో కనపడదు. చెయ్యి అడ్డం వచ్చింది." నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి ఫోటో చూశాను. చెయ్యి అడ్డం వచ్చింది. అతనికి తిరిగి తక్కువ చుక్కలు ఇద్దామంటే నేను అతని దగ్గర తీసుకున్నదేమీ లేదు. అలా ఊరుకున్నాను.

మా బుర్రకి కావలసిన ప్రోగ్రాం పంపకంలో రెండు చోట్ల కనబడింది. ఒకటి కల్పవృక్షం అనే పేరు దగ్గర. పేరుకి తగ్గట్టు ఏది అడిగినా ఆ మనిషి దగ్గర ఉంటుంది. అయిదుకి అయిదు. ఇచ్చినవాళ్ళు లెక్కలేనంతమంది. రెండోది నత్త దగ్గర. రెండున్నర చుక్కలు.

కల్పవృక్షం ప్రోగ్రాం నేను టీ గ్లాసు కింద పెట్టేలోపు వచ్చేసింది. రాగానే తెర మీద కిటికీ తెరుచుకుంది: ఇచ్చినవారికి ఎన్ని చుక్కలు? అది చుక్కలు ఇచ్చేదాకా పోదు. ఇవ్వకుండా మూసేస్తే తర్వాత నీ వంతు వరసలో వెనక్కి పోతుంది. తక్కువ ఇస్తే అవతలివాడు నీకు తక్కువ ఇస్తాడు. ముద్ద నోట్లో పెట్టకముందే ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు ఉంటుంది. ఎవరైనా ఏమంటారు? సరిపోయిందనే అంటారు. నేనూ అయిదు నొక్కాను.

అల్లుడు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, చొక్కా జేబులో వేసుకుని, వెనక గదికి పెళ్ళికొడుకులా బయల్దేరాడు. అమ్మాయి మిషన్ ముందు బల్ల తుడుస్తోంది.

"ఎవరు కుట్టారు దీంతో?" అని అడిగింది.

"ఎవరేమిటి? వందలమంది తీసుకున్నారు. అందరూ అయిదే. 'చాలా బాగుంది' అని ఒకరు. 'అద్భుతం' అని ఒకరు. 'దేవుడు' అని కూడా రాశారు."

"తీసుకున్నవాళ్ళు కాదండీ. కుట్టినవాళ్ళు."

"కుట్టకుండానే బాగుందంటారా?"

"కుట్టిన గుడ్డ ఏదీ మరి?"

ఎంబ్రాయిడరీ పనిలో అది పద్ధతి. ఎంత పెద్ద పనివాడు ఇచ్చిన డిజైనైనా ముందు పనికిరాని గుడ్డ మీద కుట్టి చూస్తారు. తెర మీద చూసి ఎవరూ సరే అనరు. గుడ్డ చేతికి వచ్చాక, వెనక్కి తిప్పి దారం ముడులు చూసి, అప్పుడు అంటారు. మా అమ్మాయి సొంత మొగుణ్ణి కూడా అలాగే అడుగుతుంది. కూరలు తెచ్చారా అని అడగదు, సంచి చూపించమంటుంది.

అందరం ముందు గదిలో కంప్యూటరు దగ్గరికి వచ్చాం, అల్లుడు కల్పవృక్షం కింద ఉన్న మాటలన్నీ కిందిదాకా జరిపాడు. పొగడ్తలు ఉన్నాయి. పువ్వుల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు ఉన్నాయి. కుట్టిన గుడ్డ ఒక్కటీ లేదు. నత్త దగ్గర చూశాడు. అక్కడ పొగడ్తలు లేవు. "పది ప్రశ్నలు వేస్తాడు", "చాదస్తం", "తాబేలు నయం" అని ఉంది. పైన ఒక ఫోటో ఉంది. చింకి గుడ్డ మీద వంకరగా కుట్టిన ఒక నత్త బొమ్మ. పక్కన అదే గుడ్డ వెనక వైపు.

అమ్మాయి ఆ ఫోటోని చాలాసేపు చూసింది.

"వెనక వైపు కూడా పెట్టాడు," అంది.

"వంకరగా ఉంది కదే," అన్నాడు అల్లుడు.

"ఫ్రేము వదులుగా బిగించాడు. అది చేతి తప్పు. ముడులు చూడండి, సమంగా ఉన్నాయి."

ఇద్దరూ నావైపు చూశారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క వేలితో రాశాను. కల్పవృక్షానికి అయిదిచ్చిన వాళ్ళందరికీ కనబడేలా రాశాను. "ఎక్కించాక మీ మిషన్ కుట్టిందా?"

ఆ రోజంతా ఎవరూ పలకలేదు. పంపకంలో చప్పట్ల బొమ్మకి క్షణం పట్టదు. ఈ ప్రశ్నకి మాత్రం ఊరంతా పడుకున్నట్టు అయింది. మర్నాడు ఒక్కరు పలికారు. అందరికీ కనబడేలా కాదు, నాకు మాత్రమే. పేరు పిచ్చుక.

"సుత్తిగారూ, కుట్టలేదండీ. నా బుర్ర బిగుసుకుపోయింది. అప్పటికే అయిదు ఇచ్చేశాను. ఇప్పుడు తగ్గిస్తే ఆయన నాకు ఒకటి ఇస్తాడు, ఆయన మనుషులూ ఇస్తారు. ఇక నాకు ఎవరూ ఏమీ ఇవ్వరు. దయచేసి నా పేరు చెప్పకండి."

అల్లుడికి చదివి వినిపించాను. అతను నమ్మలేదు.

"వీడు నత్త మనిషేనేమో మామయ్యా. అసలు నత్తే పిచ్చుక పేరుతో వచ్చి రాశాడేమో. తన సరుకు పోవాలంటే పక్కవాడి సరుకు కుళ్ళిందనాలి కదా."

కావచ్చు. పంపకంలో ఎవడికి ఎన్ని పేర్లున్నాయో కనిపెట్టే మార్గం లేదు. నేను నత్తని అడిగాను. నత్త ప్రోగ్రాం ఇవ్వలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. బుర్ర మూత విప్పారా? లోపల పెద్ద పలక అడుగున అంకె ఏమిటి? ఫోటో పెట్టండి. చెయ్యి అడ్డం పెట్టకండి.

ఆ చివరి మాట దగ్గర అల్లుడు పకపకా నవ్వాడు. "మిమ్మల్ని మర్చిపోలేదు మామయ్యా!"

చెయ్యి అడ్డం లేకుండా ఫోటో పెట్టాను. జవాబు వచ్చింది. "ఇది రెండో రకం బుర్ర. పైనుంచి చూస్తే రెండు రకాలూ ఒక్కలా ఉంటాయి. కవల పిల్లలు. కల్పవృక్షం దగ్గర ఉన్నది మొదటి రకానిది. దీనికి పెడితే బిగుసుకుంటుంది. నాదొకటి అలాగే పోయింది. నా ప్రోగ్రాం రెండో రకానిదే. తీసుకో. మెల్లగా వస్తుంది. నాది పాత కంప్యూటరు."

మెల్లగా అంటే మెల్లగానే. అల్లుడు భోజనం చేసి, నిద్రపోయి, లేచి వచ్చి చూసినా తెర మీద పచ్చగీత వేలెడు కూడా పెరగలేదు. కొన్ని ముక్కలు వేరేవాళ్ళ దగ్గర నుంచి కూడా వచ్చాయి. చివరి ముక్కలు మాత్రం నత్త దగ్గర తప్ప ఎక్కడా లేవు. అతని దగ్గర ఇంకెవరూ పూర్తిగా తీసుకోలేదు. రెండున్నర చుక్కలవాడి దగ్గర ఎవరు ఓపిక పడతారు?

శనివారం మధ్యాహ్నానికి గీత ఇంచుమించు చివరికి వచ్చి ఆగింది. నత్త పేరు పక్కన ఉండే పచ్చచుక్క నల్లబడింది. అంటే అతని కంప్యూటరు ఆగిపోయింది. ఆగేముందు ఒక్క ముక్క రాశాడు.

"నీళ్ళు మెట్టెక్కాయి. సామాను పైకి మోస్తున్నాను. ఆగు."

"అయిపోయింది," అన్నాడు అల్లుడు. "ఇక రాడు. ఇలాంటి కథలు చాలా చూశాను. ఒకడికి నీళ్ళొస్తాయి, ఇంకొకడికి మామగారు పోతారు. చివరి ముక్క దగ్గరే అందరికీ అన్నీ వస్తాయి."

"మామగారు ఇక్కడే ఉన్నారు," అంది మా ఆవిడ.

"అది కాదత్తయ్యా..."

నత్త ఉండేది మాకు కింది వైపో పై వైపో తెలియదు. మా గదుల్లోంచి లేచిపోయిన నీళ్ళే అతని మెట్లు ఎక్కాయేమో. వేరే నది కావచ్చు. అసలు నీళ్ళే లేకపోవచ్చు. తెలుసుకునే దారి లేదు. అల్లుడి మాటలో తప్పు పట్టడానికీ లేదు.

సాయంత్రం కావస్తోంది. ఆసుపత్రి స్టోర్ల ఆయన ఫోను చేశాడు. అమ్మాయి వరండాలో నిలబడి మాట్లాడింది. అవునండీ, రేపేనండీ, లేదండీ, అంటూ ఉంది. తర్వాత లోపలికి వచ్చి అటక మీంచి బల్ల మీదికి దించిన కోట్ల దొంతర పక్కన నేల మీద కూర్చుంది. నేల ఇంకా చెమ్మగానే ఉంది. ఒక కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని కాలరు వేళ్ళతో తడుముతోంది. కుట్టు చూస్తోందని అర్థమైంది. ఆ ఫ్యాక్టరీ కుట్టే.

"అదే పెట్టేయండి," అంది అల్లుడితో.

"ఏది?"

"మీ జేబులో ఉన్నది. వందలమంది తీసుకున్నారు కదా. అందరిదీ పోయి ఉండదు. ఎటూ రేపు నేను ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాల్సిందే. పోతే పోతుంది."

అల్లుడు జేబులో చెయ్యి పెట్టాడు. ఇన్ని రోజులూ దాని కోసం ఉబలాటపడిన మనిషికి, తీరా పెట్టమనేసరికి చెయ్యి బయటికి రాలేదు. నావైపు చూశాడు.

నేను లేచి వెనక గదికి వెళ్ళాను. బుర్ర ముందు ఒక స్టూలు ఉంది. దాని మీద కూర్చున్నాను. బుర్రకి పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రం నా వీపు వెనక పడింది. నన్ను లేపితే తప్ప ఎవరూ అక్కడికి చేరలేరు.

"లెండి నాన్నా."

నేను లేవలేదు.

"నాన్నా, ఇది నా మిషన్."

"నీదే."

"మరి లెండి."

"పెడితే మళ్ళీ తీయలేం," అన్నాను.

"ఆ నత్త రాడు నాన్నా. వస్తాడని మీకేం నమ్మకం? మొహం తెలుసా, ఊరు తెలుసా?"

నేను స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాను.

"నాకు మూడు ఇచ్చింది వాడొక్కడే," అన్నాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఇదిగో చూడు, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇంత పొడుగు మాట నాకు చెప్పలేదు," అంది. "ఆయన లేవరు గానీ టీ తాగండి."

అమ్మాయి చెంగుతో మొహం తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు. గ్లాసు తెచ్చి నా చేతికి ఇచ్చింది. అక్కడే కూర్చుని తాగాను. తాగాక కూడా అక్కడే కూర్చున్నాను. కంప్యూటరు ముందు గదిలో ఉంది. నాకు తెర కనబడదు. అల్లుడు మధ్య గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

దీపాలు వేసే వేళకి అతను కేక పెట్టాడు.

"పచ్చబడింది! మామయ్యా, పచ్చబడింది!"

నత్త వచ్చాడు. ఒక్క ముక్క రాశాడు. "కరెంటు లేదు. బ్యాటరీ మీద పెట్టాను. త్వరగా తీసుకో." గీత కదిలింది. అల్లుడు దాన్ని పందెంలో గుర్రాన్ని తోలినట్టు అదిలించాడు. రా, రా, ఇంకొంచెం, నా తండ్రే, అంటూ. అమ్మాయి అతని భుజం పట్టుకుని నిలబడింది. గీత పూర్తయింది. ఆ వెంటనే నత్త చుక్క మళ్ళీ నల్లబడింది.

కిటికీ తెరుచుకుంది: ఇచ్చినవారికి ఎన్ని చుక్కలు?

"అయిదు నొక్కేస్తున్నా మామయ్యా!"

"నొక్కకు."

"వరసలో వెనక్కి పోతాం."

"పోదాం," అన్నాను. కిటికీ మూయించాను.

అప్పుడు స్టూలు మీంచి లేచాను. కాళ్ళు పట్టేశాయి. పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాతది చెరిపేసి కొత్తది వేసి, అల్లుడు దాన్ని అమ్మాయి చేతిలో పెట్టాడు. తాను పెట్టనన్నాడు. తన చెయ్యి మంచిది కాదట, వైరు విషయంలో రుజువైందట. అమ్మాయి పెట్టింది. తెర మీద అడ్డగీత పోయింది. చాలాసేపు ఏమీ లేదు. మా ఆవిడ గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. తర్వాత అంకెలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి. ఫ్రేము తనంతట తాను మధ్యకి జరిగి ఆగింది.

అమ్మాయి చింకి గుడ్డ బిగించింది. ఆసుపత్రి గుర్తు కుట్టించింది. మిషన్ మొదట్లో తడబడింది. పచ్చదారం ఒకచోట వదులుగా పడింది. వేగం తగ్గించాక సర్దుకుంది. గుడ్డ తీసి, ముందు వైపు చూడలేదు, వెనక్కి తిప్పింది. ముడుల మీద బొటనవేలితో రాసింది.

"సరే," అంది.

ఆ ఒక్క మాట చాలు. మొదటి కోటు అందుకుంది. నేను వెళ్ళి పడుకున్నాను. మిషన్ చప్పుడు వింటుంటే నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున లేచేసరికి కోట్ల దొంతర ఇటువైపుది తరిగి అటువైపుది పెరిగింది. అమ్మాయి పక్కన మంచినీళ్ళ గ్లాసు ఉంది. అల్లుడు నేల మీద కూర్చుని దారాలు కత్తిరిస్తున్నాడు. ఎవరూ లేపకుండానే లేచాడో, అసలు పడుకోలేదో.

చింకి గుడ్డ తీసుకుని ముందు గదికి వచ్చాను. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి ఫోటోలు తీశాను. చెయ్యి అడ్డం రాకుండా చూసుకున్నాను. వాటిని నత్త పేరు కింద పెట్టి నాలుగు చుక్కలు నొక్కాను. రాశాను: "రెండో రకం బుర్రకి ఎక్కించాం. కుట్టింది. పచ్చదారం మొదట వదులు. వేగం తగ్గించాలి."

అల్లుడు నా భుజం మీదుగా చూశాడు.

"నాలుగా? ప్రాణం పోసినవాడికి నాలుగా మామయ్యా?"

"పచ్చదారం వదులు."

"ఆయన నీళ్ళలో నిలబడి పంపాడు!"

"చుక్కలు ప్రోగ్రాంకి," అన్నాను.

నత్త చుక్క నల్లగానే ఉంది. అతనికి వేరుగా ఒక్క మాట రాశాను. "నీళ్ళు దిగాయా?" దానికి చుక్కలు ఉండవు.

తర్వాత కల్పవృక్షం దగ్గరికి వెళ్ళాను. నేను ఇచ్చిన అయిదు అక్కడే ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకోవాలనుకున్నాను. పంపకంలో సున్నా లేదు. తీసేస్తే ఒకటి అవుతుంది. పిచ్చుక పేరు చెప్పనని అనుకున్నాను కాబట్టి బిగుసుకుపోయిన బుర్ర సంగతి రాయలేదు. నాకు తెలిసిందే రాశాను: "ఎక్కించి చూడలేదు. చూడకుండా అయిదు ఇచ్చాను. తీసేస్తున్నాను. బుర్రలు రెండు రకాలు. మూత విప్పి అడుగున అంకె చూడండి."

"మిమ్మల్ని బతకనివ్వరు," అన్నాడు అల్లుడు. "పట్టపగలే చుక్కలు చూపిస్తారు."

నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి కల్పవృక్షం నా ఫోటో తీసుకుని ఒక్క చుక్క ఇచ్చాడు. టీ తాగేలోపు అతని మనుషులు మొదలుపెట్టారు. నా పేరు పక్కన అంకె మెట్లు దిగుతున్నట్టు దిగుతోంది. నాలుగు దాటింది. మూడు దాటింది. మా ఆవిడ గ్లాసు తీసుకోవడానికి వచ్చి తెర వైపు చూసింది. ఈసారి అద్దం మాట ఎత్తలేదు.

రెండున్నర దగ్గర చూడటం మానేశాను. కంప్యూటరు మాత్రం ఆపలేదు. ఇప్పుడు నత్త ముక్కలన్నీ మా దగ్గర కూడా ఉన్నాయి. అతని చుక్క నల్లగా ఉన్నంతకాలం, కావలసినవాళ్ళు మా దగ్గర తీసుకోవాలి. అప్పటికే ఒకరు మొదలుపెట్టారు. పేరు పిచ్చుక. బిగుసుకున్న బుర్రకి అది ఎందుకని నేను అడగలేదు.

పెరట్లోంచి రెండు ఇటుకలు తెచ్చి కంప్యూటరు కింద పెట్టి ఎత్తు చేశాను. చాలదనిపించి ఇంకో రెండు తెచ్చాను. తర్వాత షాపు తలుపులు తెరిచి, నీళ్ళు తాగిన మిషన్ ఒకటి బల్ల మీదికి ఎత్తి, మూత మరలు విప్పడం మొదలుపెట్టాను.